జంట గళములు – జానపద గేయము

ఒకరు పాడగా మరియొకరు అందుకొనుట జానపద గానమునకు ప్రాణము. బుర్రకథలో కథకునికి వంతలు, బతుకమ్మ ఆటలో ముందు పాడు స్త్రీకి చుట్టునున్న స్త్రీలు బదులు పలుకుదురు. అట్టి జంటలో ఒకరు గతించిన పిమ్మట మిగిలిన పాటను ఎట్లు విలువ కట్టవలెను?

ఈ ప్రశ్న పరదేశమందును పుట్టినది. అమెరికాలో రిచర్డ్ ఫరీన్యా, మిమీ ఫరీన్యా అను దంపతులు డల్సిమర్, గిటారు వాయించుచు పాడి రెండు రికార్డులు వెలువరించిరి. 1966 ఏప్రిల్ 30న రిచర్డ్ మోటారు సైకిలు ప్రమాదమున మరణించెను. అంతకుముందు వెలువడక మిగిలిన పాటలు కొన్ని చేర్చి 1968లో ‘మెమరీస్’ అను మూడవ రికార్డు తెచ్చిరి. ఆ జంట పాటలలో అధికభాగము రిచర్డ్ రచనలే. కావున ఆ కూర్పు, పేరునకు తగినట్లు, ముగిసిన ఒక జంటకు జ్ఞాపకముగా నిలిచినది.

మన వింజమూరి సోదరీమణుల విషయము వేరు. దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనకోడండ్రయిన అనసూయాదేవి, సీతాదేవి పల్లెపాటను సభావేదికకును ఆకాశవాణికిని చేర్చిరి. సీతాదేవి ‘మా భూమి’ (1979) చిత్రసంగీతమునందును పాలుపంచుకొనిరి. ఆమె 2016లోను, అనసూయాదేవి 2019లో హ్యూస్టన్ నగరమునను దివంగతులైరి.

శిక్షణ పొందిన రెండు గొంతులు ఒకే శ్రుతిలో కలియుటచే వారి పాటకు నునుపు వచ్చినది. పొలముగట్టున వినబడు కేక, పనిలయ కొంత తగ్గినవి. ఇది లోపమే. అయినను పల్లెపాటను చిన్నచూపు చూచిన కాలమున వారు దానికి పండితసభలో పీట వేయించిరి. ఆ మేలు ముందు ఈ లోపము చిన్నది.

అంతకు మించిన విశేషమొకటి కలదు. వారు పాడిన పల్లెపాటలు ప్రజల సొత్తు. పాడినవారు పోయినను ఆ పాటను ఎవరైనను అందుకొనవచ్చును.

సిరొంచవారికి ఇది కేవలము సంగీతచర్చ కాదు. ప్రాణహితకు ఆవలిగట్టు తెలంగాణము. ఈవలిగట్టున మరాఠీ బడికి పోవు బిడ్డలకు తెలుగు ఇంటిమాటగానే మిగులుచున్నది. అవ్వ పాట ఎత్తుకొన్నప్పుడు అందుకొను మనుమరాలు లేనిచో, ఆ పాట అవ్వతోనే ముగియును. రికార్డు పాటను దాచును గాని బదులు పలుకజాలదు. ఆ బదులు ఇంటిలోను, బడిలోను బిడ్డల గొంతున పుట్టవలెను.