ఉప్పుగడ్డకు కాపలా ఎవరు?

ఈ వారం జిల్లా పేజీలో వచ్చిన ఒక ఫొటో మన కాలమిస్టుకు తెగ నచ్చింది. నల్లమలలో జంతువులకు నీళ్లు పోసే సాసర్ పిట్ పక్కన ఉప్పుగడ్డ, దాన్ని నాకుతున్న చుక్కల జింక, వెనకాల తమ వంతు కోసం మరో రెండు. పత్రికలకు అడవి ఎండాకాలంలోనే గుర్తొస్తుందన్న ఆయన సణుగుడు పాఠకులకు కొత్త కాదు. ఈసారి దానికి ఇంకో ముక్క చేరింది: నీళ్లంటే వేసవి సరే, ఉప్పుకు వేసవేమిటి?

ఆ ప్రశ్న ఆయన్ను పల్నాడులోని అమ్మమ్మగారింటి గొడ్లసావిట్లోకి లాక్కెళ్లింది. తొలకరి పడి గట్ల మీద పచ్చిక లేవగానే తాతయ్య కుడితి గోలెంలో మరో గుప్పెడు కల్లుప్పు వేసేవాడు. గేదె మూతి ముంచి, అడుగంటా తాగి, ఆపైన గోలెం అంచు గరగరా నాకేది. "పచ్చిగడ్డి మేస్తందిగా, ఉప్పు అడుగుద్ది." అంతే ఆయన వివరణ.

శాస్త్రం చెప్పేదీ అదే. లేత పచ్చికలో నీరు, పొటాషియం ఎక్కువ. సోడియం బాగా తక్కువ. ఎక్కువైన పొటాషియం మూత్రంలో పోతూ ఒంట్లోని సోడియాన్నీ పట్టుకుపోతుంది. పాలిచ్చే తల్లిజింకకు ఆ లోటు మరీ ఎక్కువ. మగజింక కొమ్ముల సంగతి వేరు. ఏటా రాలి మళ్లీ మొలిచే ఆ ఎముకకు కాల్షియం, ఫాస్ఫరస్ కావాలి. మేతతో చాలనిది తన పక్కటెముకల నుంచే లాక్కుంటుంది. రాలిన కొమ్ముల్ని జింకలు కొరికేదీ ఈ ఖనిజాల కోసమే. ఉత్త ఉప్పు ఆ లోటు తీర్చదు.

అయితే వానాకాలంలోనూ, ఖనిజాలు కలిపి మరీ గడ్డలు పెట్టమని రాసేయొచ్చు. కానీ సావిట్లో గోలెం ఒక్క గేదెది. అడవిలో ఒకే గడ్డను మందంతా నాకుతుంది, మేతకొచ్చిన ఊరి పశువులూ నాకుతాయి. గాలికుంటు వ్యాధి చొంగ ద్వారా కూడా అంటుకుంటుంది.

చొంగతో వచ్చే ముప్పుకు మరో ఉదాహరణ: అమెరికాలోని కొలరాడోలో 1967లో తొలిసారి కనబడిన క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ జింకల మెదడును దెబ్బతీసి చంపుతుంది. దాన్ని కలిగించే ప్రియాన్లనే వికృత ప్రోటీన్లు చొంగతో మట్టిలో చేరి ఏళ్లపాటు అక్కడే ఉంటాయి. అందుకే ఆ జబ్బున్న ప్రాంతాల్లో పలు రాష్ట్రాలు ఉప్పు, ఖనిజాల గడ్డలు పెట్టనివ్వవు.

ఇక వేటగాడు. జింక తప్పకుండా వచ్చే చోటు వాడికి చాలు. మన దేశపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలి రూపంలోనే ఉప్పునేలల దగ్గర, నీటిగుంటల దగ్గర వేటాడకూడదని విడిగా రాశారు.

కాబట్టి కొత్త గడ్డల కన్నా ముందు, జింకలు తరాలుగా నాకుతున్న చౌడునేలల్ని గుర్తించాలి. పశువుల్ని అటు పోనివ్వకుండా, ఉచ్చులు పడకుండా ఏడాది పొడుగునా కాపలా కాయాలి. కాపలా పెట్టలేని చోట, నడి వేసవిలోనైనా సరే, ఉప్పుగడ్డ పెట్టకపోవడమే మేలు.