లైటు కాదు, గంటలు

నేలపట్టు చెరువు కింద సేద్యం చేసే రైతు నీళ్లు పచ్చబడితే బెంగపడడు. ఈశాన్య రుతుపవనాలతో గూడబాతులు దిగి కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. వాటి రెట్ట నీళ్లలో కలుస్తుంది, ఆ నీరు పొలానికి పారితే ఎరువు ఖర్చు కలిసొస్తుందని అతని లెక్క. అదే పచ్చదనం ఇంట్లో రెండడుగుల అక్వేరియంలో కనిపిస్తే మాత్రం కంగారు పుడుతుంది. మొట్టమొదట తిట్లు తినేది లైటు.

ఆ చెరువున్న దొరవారిసత్రం మండలంలో (2022లో జిల్లా తిరుపతి అయింది గానీ మా నోట్లో ఇంకా నెల్లూరే) అక్వేరియం పిచ్చి పట్టినవాళ్లకు మద్రాసులో కొళత్తూరు ఉంది. చేపలూ నీటిమొక్కలూ అమ్మే కొట్లు అక్కడ వీధుల నిండా ఉంటాయి. మొక్కలు కొన్నాక పెద్ద వాట్ల ఎల్ఈడీ కూడా అంటగట్టాలని చూసే కొట్టు ఎక్కడైనా ఉంటుంది. నన్నడిగితే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోమంటాను.

వెలుతురు మొక్కకు ఆకలి పుట్టిస్తుంది. ఆకలి పెరిగేకొద్దీ కార్బన్ డయాక్సైడ్, నైట్రేట్, పొటాషియం అన్నీ ఎక్కువెక్కువ కావాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టని తొట్టిలో ముందు అయిపోయేది ఆ గ్యాసే. అది చాలనప్పుడు మొక్క ఎదుగుదల ఆగుతుంది, మిగిలిన వెలుతురు నాచు పాలవుతుంది. నిదానంగా పెరిగే అనూబియాస్ ఆకుల మీద ముందుగా పచ్చటి చుక్కలు, తర్వాత అంచుల వెంట నల్లటి కుచ్చులు. గోటితో గీకినా ఆ కుచ్చు ఊడిరాదు.

అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో వచ్చిన తన పుస్తకంతో, మట్టి పరిచి సిలిండరు లేకుండా మొక్కలు పెంచే పద్ధతికి పేరు తెచ్చారు. ఆమె చెప్పిన ఉపాయాల్లో నాకు బాగా నచ్చింది మధ్యాహ్నపు విరామం. పొద్దున కొన్ని గంటలు వెలిగించి, నడుమ నాలుగు గంటలు ఆర్పి, సాయంత్రం మళ్లీ వెలిగించడం. పొద్దుటి పూట మొక్కలు లాగేసిన కార్బన్ డయాక్సైడ్ ఆ చీకట్లో కొంత తిరిగి చేరుతుంది. సాయంత్రం లైటు వేశాక హైడ్రిల్లా కాడల నుంచి మళ్లీ సన్నటి బుడగలు వరసకట్టి పైకి లేస్తుంటే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చేసరికి తొట్టి వెలుగుతూ ఉండటం అదనపు లాభం.

దీనికి టైమరు కావాలి. ముల్లు తిరిగే చవక టైమరు మన ఊళ్లకు పనికిరాదు. కరెంటు పోయినంతసేపూ దాని గడియారం ఆగిపోతుంది. రెండు మూడు కోతలు పడ్డాయంటే, సాయంత్రం ఆరింటికి వెలగాల్సిన లైటు ఎనిమిదింటికి వెలుగుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరే తీసుకోండి. తూర్పు కిటికీ పక్కన తొట్టి పెట్టి ఎన్ని టైమర్లు బిగించినా దండగే, మన ఎండ ముందు ఏ ఎల్ఈడీ పనికొస్తుంది?

మా నెల్లూరు తీరం రొయ్యల రైతులు వెలుతురును అదుపు చేసే ఇదే విద్యను తిరగేసి వాడతారు. వాళ్లకు నీళ్లు తేటగా ఉంటే దిగులు. ఎండ అడుగుదాకా దిగిందంటే గుంట అడుగున నాచు పడుతుంది. అందుకే నీటికి రంగు తెప్పిస్తారు. నలుపు తెలుపు పళ్లెం నీళ్లలోకి దించి, ఎంత లోతున కంటికి కనబడకుండా పోతుందో చూస్తారు. 30, 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే తృప్తి. రంగు మరీ చిక్కబడితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని ఏరియేటర్లు తిప్పుతూ కాపలా కాస్తారు. అక్కడ నీటి రంగే నీడ.

తొట్టిలో ఆ నీడ పని అంతర తామరకో అజొల్లాకో అప్పగించవచ్చు. పైన తేలుతూ వెలుతురు తగ్గిస్తాయి, గాలిలోంచే కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. అంతర తామర అయితే నీళ్లలోని నైట్రోజన్ కూడా లాగేస్తుంది. సగం నీటిని మించి కమ్మనివ్వకండి, వారానికోసారి గుప్పెడు తీసి పారేయండి.

కొత్త తొట్టికి రోజుకు ఆరు గంటలు చాలు. పెంచాలనిపిస్తే అరగంట పెంచి, రెండు వారాలు చేతులు కట్టుకుని కూర్చోండి. ఈలోగా లైటు ఎత్తూ ఎరువూ మార్చవద్దు, ఏది పని చేసిందో తెలియకుండా పోతుంది. చూడాల్సింది కొత్తగా విచ్చుకునే ఆకుని. అది శుభ్రంగా వస్తే గంటలు సరిపోయినట్టే. పాత ఆకుల మీది మచ్చలు ఎలాగూ పోవు, కత్తెరతో తీసేయండి.