మసి కింద చేవ

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో తుప్పు పట్టిన తాళాలు, అద్దాల్లేని కళ్లజోళ్లు పరిచిన గోనెపట్టా మీద దొరికిందీ పొగాకు పైపు. గిన్నె అంచున తారు గడ్డకట్టింది. లోపల చిటికెనవేలు కూడా దూరనంతగా బొగ్గు పేరుకుంది. నోట పెట్టుకునే నల్ల కాడ పాచి రంగుకి తిరిగింది. మెడ చుట్టూ ఉన్న వెండి పట్టీని బొటనవేలితో రుద్దితే చిన్న లంగరు కనిపించింది. లంగరు గుర్తుంటే ఆ వెండిని బర్మింగ్‌హామ్‌లో పరీక్షించారన్నమాట. దాని పక్కన నడుస్తున్న సింహం, వెయ్యికి 925 పాళ్లు అసలు వెండి అని చెబుతుంది. ఏడాదిని తెలిపే అక్షరం మాత్రం సగం అరిగిపోయింది. నేను పొగ తాగను. అయినా అడిగినంతా ఇచ్చి కొన్నాను.

కొన్నది ఆ కర్ర కోసం. దాన్ని బ్రయర్ అంటారు. మధ్యధరా తీరంలో, కోర్సికా, కలాబ్రియా కొండవాలుల మీద పెరిగే ఒక పొదకి నేలలో, వేరు మొదట్లో గడ్డ ఊరుతుంది. కార్చిచ్చు వచ్చి పైనంతా బూడిదైనా ఆ గడ్డ చావదు, మళ్లీ చిగురేస్తుంది. పైపుకి వాడేది ఆ గడ్డనే. తవ్వి తీసి, ముక్కలుగా కోసి, లోపలి వగరు దిగేదాకా గంటల తరబడి ఉడకబెట్టి, నెలల పాటు నీడలో ఆరబెడతారు. ఫ్రాన్స్‌లోని జూరా కొండల్లో ఉన్న సెయింట్ క్లోడ్ అనే ఊరివాళ్లు ఒకప్పుడు మఠానికొచ్చే యాత్రికుల కోసం చెక్క జపమాలలు చేసేవారు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఈ గడ్డ చేతికందాక ఆ ఊరు పైపుల ఊరైంది. అక్కడి కొమోయ్ కుటుంబంలో ఒకరు 1879లో లండన్‌కి తరలి అక్కడా పని మొదలుపెట్టారు. నా పైపు మెడ మీద పేరు చెరిగిపోయింది కానీ, ‘లండన్‌లో తయారైనది’ అన్న ఇంగ్లీషు అక్షరాలు ఏటవాలు వెలుగులో చదవొచ్చు.

పని లోపలి నుంచి మొదలుపెట్టాలి. బొగ్గు పొర మరీ మందమైతే వేడికి అదొకలా, కర్ర ఒకలా వ్యాకోచించి గిన్నె పగులుతుంది. అలాగని మొత్తం గీకేయకూడదు. రూపాయి బిళ్ల మందాన మిగల్చాలి. మంటకీ కర్రకీ మధ్య ఆ పొరే కవచం. మెడలోని సన్నటి దారి అంతకంటే మొండిది. చాలామంది గిన్నెని రాళ్ల ఉప్పుతో నింపి, ఆల్కహాల్ పోసి, రాత్రంతా ఉంచుతారు. నాకు దూది మీదే నమ్మకం. దీపపు వత్తిలా పేని మెడలోకి ఎక్కించి, మిగతాది గిన్నెలో కుక్కి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా వేస్తాను. తెల్లారేసరికి దూది డికాషన్ రంగుకి వస్తుంది. వత్తి తెల్లగా బయటికొచ్చేదాకా మార్చుతూ ఉండాలి. దీనికి ఐదు రాత్రులు పట్టింది.

కాడ ఎబోనైట్. గంధకం దండిగా కలిపి గట్టిపరిచిన రబ్బరు. రాజమండ్రి రత్నం పెన్నులు తెలిసినవాళ్లకి ఇది పరాయి సరుకు కాదు, చేత్తో చిత్రికపట్టే ఆ పెన్నుల ఒళ్లూ ఇదే. వెలుగు, గాలి తగిలేకొద్దీ పైన ఉన్న గంధకం మారిపోయి రంగు తిరుగుతుంది. 400 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి 600, 1000, 2000 దాకా తడుపుతూ రుద్దాలి. పసుపు గోధుమ నీళ్లు కారతాయి, అగ్గిపుల్ల గీసినప్పటి వాసన వస్తుంది.

పంటి గాట్ల దగ్గర ఈ రబ్బరు గుణం చూసి తీరాలి. కొవ్వొత్తి మంటకి కాస్త ఎత్తున కాడని తిప్పుతూ వేడిచేస్తే నొక్కుకుపోయిన చోటు దానంతటదే పైకి లేస్తుంది. మొదట పోసిన ఆకారం దానికి గుర్తుంటుంది. అయితే వంపు కాడ విషయంలో జాగ్రత్త. వేడి మీరితే గాటుతో పాటు వంపూ పోయి కాడ నిటారుగా సాగుతుంది.

మొదటిసారి ఇంకో పైపు పట్టినప్పుడు కాడని ఊడదీసి విడిగా రుద్దాను. అద్దంలా మెరిసింది. మెడలో బిగించి చూస్తే కాడ అంచు గుండ్రంగా అరిగిపోయింది. గోరు పెట్టి లాగితే అతుకు దగ్గర తగులుకుంటుంది. ఆ కర్రనీ కాడనీ కలిపి చెక్కిన మనిషి, చేతికి అతుకు తెలియకుండా చేశాడు. దాన్ని నేను ఒక్క మధ్యాహ్నంలో పోగొట్టాను. అరిగింది తిరిగి రాదు. అప్పటి నుంచి అంచు దగ్గర రుద్దేటప్పుడు కాడని మెడలో బిగించే రుద్దుతున్నాను.

కర్రకి గరుకు కాగితం తగలనివ్వను. సొట్ట పడిన చోట తడిగుడ్డ వేసి, కాల్చిన కత్తి వెనకభాగం ఆనిస్తే ఆవిరికి నలిగిన పీచు ఉబ్బి లేస్తుంది. రంగు వెలిసిన చోట మాత్రం స్పిరిట్‌లో కలిపిన రంగు పలచగా పూశాను. చివరికి బ్రెజిల్ తాటిజాతి ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం. తేనెమైనం 60 డిగ్రీలు దాటగానే కరిగి వేళ్లకి అంటుతుంది, ఇది 80 దాటినా నిలుస్తుంది. గుడ్డ చక్రం మీద మైనం పట్టించి గిన్నెని ఆనిస్తే, మసి కింద ఎన్నేళ్లుగానో దాగిన చారలు మంటల్లా పైకి లేచాయి. అక్షరాలున్న వైపు చక్రానికి చూపించలేదు, చేత్తోనే తుడిచాను.

గిన్నె అంచుకి ఒక పక్కనే కాలిన మచ్చ ఉంది. ఒకప్పుడు దీన్ని తాగినాయన అగ్గిపుల్ల ఎప్పుడూ అటు నుంచే వచ్చేదేమో. అంచుని ఒక నూలు మందం అరగదీస్తే అది పోతుంది. ఉంచేశాను. కాడ కింద ఎడమవైపు ఒక పంటి గుర్తు కూడా పూర్తిగా లేవలేదు, దాన్నీ మళ్లీ మంటకి పట్టలేదు. వెండి పట్టీ మీద లంగరు, సింహం తేటగా ఉన్నాయి. సగం అరిగిన అక్షరం అలాగే ఉంది.