హల్లుల్లో మోగిన చీకటి

అచ్చుతో ముగిసే మాటలకు అలవాటుపడ్డ చెవి మనది. పాట చివర గొంతు హాయిగా సాగాలని కోరుకుంటాం. జర్మన్ గాయని ఆన్యా హూవె పాటలో ఆ హాయి దొరకదు. మాట చివరి హల్లు తలుపు వేసినట్టు పడుతుంది. ఆ తలుపు వెనక ఏముందోనన్న ఉలికిపాటులోనే ఆమె పాట రసమంతా ఉంది.

1980లో హాంబర్గ్‌లో ఐదుగురు అమ్మాయిలు కట్టిన బ్యాండు ఇక్స్‌మాల్ డాయిచ్‌లాంట్. వాళ్ల గొంతు హూవె. 1983లో లండన్‌లోని 4ఏడీ సంస్థ వాళ్ల తొలి ఆల్బమ్ 'ఫెటిష్'ను విడుదల చేసింది. ఇంగ్లండ్ శ్రోతల ముందు నిలబడి కూడా ఆమె తన జర్మన్‌ను వదులుకోలేదు. అర్థం తెలియనివాళ్లు సైతం చెవి ఒగ్గారు. జాన్ పీల్ తన బీబీసీ రేడియో కార్యక్రమంలో వాళ్లకు చోటిచ్చాడు.

'ఫెటిష్' మొదటి పాట 'క్వాల్'. యాతన అని అర్థం. ఎంత చిన్న మాట! నోరు 'ఆ' అని తెరుచుకుంటుంది, అంతలోనే నాలుక లకారంతో దాన్ని మూసేస్తుంది. కేక పుట్టి, బయటపడకముందే బందీ అయిపోతుంది. అర్థం నిఘంటువులో చూడక్కర్లేదు, ఆ ఉచ్చారణే యాతన. చుట్టూ డ్రమ్ములు ఉరుముతుంటే, మనూయెలా రికర్స్ గిటార్ ఇనుమును ఇనుముతో రాసినట్టు పలుకుతుంటే, ఆ గొంతు మాత్రం బెదరదు, బతిమాలదు.

భయానక రసానికి స్థాయీభావం భయమే అన్నారు మన ఆలంకారికులు. హూవె ఆ భయాన్ని వినేవాళ్లకు వదిలి, తాను ధీరగా నిలబడుతుంది. నిద్రలో మీదపడే దయ్యాల పేరుతో 1982లో వచ్చిన 'ఇన్‌కుబస్ సుక్కుబస్'లో ఆమె వాటిని పేరుపెట్టి పిలుస్తుంది. పిలుపులో వణుకు లేదు, ఆజ్ఞ ఉంది.

బ్యాండు ఆగిపోయాక ఆమె చిత్రకారిణి అయింది. శబ్దం వింటే ఆమెకు రంగులు కనిపిస్తాయి; అలాంటి మనిషికి అది సహజమైన దారే. మళ్లీ 2024లో 'కోడ్స్' అనే సొంత ఆల్బమ్‌తో, రికర్స్ గిటార్ తోడుగా తిరిగొచ్చింది. 1942లో 17 ఏళ్ల వయసులో ఇల్లు విడిచి, బెలారుస్ అడవుల్లో పార్టిజాన్ గెరిల్లాగా బతికిన ఒక కుర్రాడి డైరీ దానికి ప్రేరణ. ఒకప్పుడు కలల్లోని దయ్యాలను పిలిచిన గొంతు, ఈసారి నిజంగా జరిగిన చీకట్లోకి నడిచింది. పాడేది ఆమే కనుక, ఆ అడవిలో ఆ కుర్రాడు ఒంటరిగా లేడనిపిస్తుంది.