గాలిని పంచుకునే పందెం

మా చిన్నప్పుడు బీర్పూర్‌లో బేరింగుల బండి ఉన్నవాడే వాడకు రాజు. జగిత్యాలలో లారీలు బాగుచేసే షెడ్ల దగ్గర అరిగిపోయిన పాత బేరింగులు మూడు సంపాదించుకుంటే సగం పని అయినట్టే. వెనక రెండు, ముందు ఒకటి, మధ్యలో ఒక చెక్క. ముందు బేరింగుకు అడ్డంగా బిగించిన కర్రే స్టీరింగు. ఒకడు ఎక్కి కూర్చుంటే ఇద్దరు వాడి వీపుమీద చేతులు పెట్టి తోసేవాళ్ళు. సీసీ రోడ్డు మీద ఆ ఇనుము గరగర శబ్దానికి అరుగుల మీది ముసలివాళ్ళు తిట్లు లంకించుకునేవాళ్ళు. బండికి బ్రేకు ఉండేది కాదు. చెప్పు నేలకు రాయడమే బ్రేకు, లేకపోతే గోడ.

చాలా ఏళ్ళ తర్వాత హైదరాబాద్‌లో ఒకరి ఇన్‌లైన్ స్కేట్ చేతిలోకి తీసుకుని చక్రం తిప్పి చూస్తే నాకు మొదట గుర్తొచ్చింది ఆ బండే. కాలికి అతికినట్టు పట్టే బూటు, దాని కింద సన్నని లోహపు చట్రం, ఆ చట్రంలో ఒకే గీత మీద వరుసగా చక్రాలు. పందెపు స్కేట్లకు 110 మిల్లీమీటర్ల చక్రాలు నాలుగు ఉంటాయి, లేదా 125 మిల్లీమీటర్లవి మూడు. ఒక్కో చక్రం నడిబొడ్డున రెండు చిన్న బేరింగులు. మామూలుగా వాడేది 608 సైజు, అంటే బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు, పాత రూపాయి బిళ్ళకంటే చిన్నది. మా లారీ బేరింగుకు మనవడిలా ఉంటుంది కానీ పని అదే: ఇరుసుకూ చక్రానికీ మధ్య రాపిడిని ఉక్కు గుండ్లకు అప్పగించడం.

ఈ వస్తువు వయసు మనం అనుకునేంత తక్కువేమీ కాదు. 1760లలో లండన్‌లో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్రాల నిపుణుడు కాళ్ళకు చక్రాలు తగిలించుకుని వయొలిన్ వాయిస్తూ ఒక విందులోకి దూసుకొచ్చి, ఆగడం చేతకాక ఖరీదైన నిలువుటద్దాన్ని పగలగొట్టాడని చెప్పుకుంటారు. మాకు గోడ ఉన్నట్టే ఆయనకు అద్దం. 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ రెండు జతల చక్రాల స్కేటు చేశాక ఒకే వరుస చక్రాలు వెనకబడ్డాయి. మళ్ళీ 1980 ప్రాంతంలో మినెసోటాకు చెందిన ఓల్సన్ సోదరులు, ఐస్ హాకీ ఆటగాళ్ళు, ఎండాకాలంలోనూ సాధన చేయడానికి వాటిని బయటికి తీశారు. రోలర్‌బ్లేడ్ అనే పేరు అక్కడి నుంచే ఊరూరా పాకింది.

ఇక మారథాన్. దూరం పరుగు మారథాన్‌దే, 42 కిలోమీటర్ల చిల్లర. మా వైపు వాళ్ళకు తెలిసేలా చెప్పాలంటే బీర్పూర్‌లో నరసింహస్వామికి దండం పెట్టి బయల్దేరి, జగిత్యాల దాటి, కొండగట్టు అంజన్న దగ్గరికి చేరినంత దూరం, కాస్త అటూ ఇటూగా. ఈ దూరాన్ని కెల్విన్ కిప్టమ్ 2023లో చికాగోలో 2 గంటల 35 సెకన్లలో పరుగెత్తితే లోకం నోరు వెళ్ళబెట్టింది. స్కేట్ల మీద మేటివాళ్ళు గంటలోపే ముగిస్తారు. బెర్లిన్ మారథాన్‌లో 1997 నుంచి స్కేటర్లకు వేరే పందెం ఉంది. పరుగుకు ముందురోజు శనివారం, అదే వీధుల్లో, బ్రాండెన్‌బర్గ్ ద్వారం గుండా. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున డులూత్ ఊరికి చేరే నార్త్‌షోర్ మారథాన్ 1996లో మొదలైంది. ఇవి చాలవన్నట్టు జార్జియాలో ఏథెన్స్ నుంచి అట్లాంటాకు 87 మైళ్ళు, అంటే 140 కిలోమీటర్లు, స్కేట్ల మీద వెళ్ళే పందెం 1982 నుంచి ఉంది. మన తెలుగువాళ్ళు వేలమంది కాపురాలు పెట్టిన అట్లాంటా అదే.

మనకెందుకీ గొడవ అనేవాళ్ళకు ఒక మాట. 2025 సెప్టెంబరులో చైనాలోని బైదాయ్‌హెలో జరిగిన ప్రపంచ స్పీడ్ స్కేటింగ్ పోటీల్లో 42 కిలోమీటర్ల మారథాన్ గెలిచింది చెన్నై కుర్రాడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్. అదే పోటీల్లో వెయ్యి మీటర్లు 1 నిమిషం 24.924 సెకన్లలో ముగించి బంగారం, 500 మీటర్లలో కాంస్యం కూడా తెచ్చుకున్నాడు. నన్ను ఆశ్చర్యపరిచింది పతకాల లెక్క కాదు. నిమిషంన్నర లోపు అయిపోయే పందేనికి కావలసిన ఒళ్ళు వేరు, గంటసేపు సాగేదానికి కావలసిన ఒళ్ళు వేరు. రెండూ ఒక్కడి దగ్గరే ఎలా ఉన్నాయి? పరుగులో వంద మీటర్ల వీరుడు మారథాన్ గెలవడు. స్కేటింగ్‌లో అది సాధ్యమైందంటే, గంటసేపు వాడు తన బలాన్ని ఎక్కడో దాచుకున్నాడన్నమాట. ఎక్కడంటే, ఇతరుల వెనక. ఈ ఆట గుట్టంతా అక్కడే ఉంది.

పరుగులో పోటీ ప్రధానంగా ఒంటి బరువుతో. స్కేటింగ్‌లో గాలితో. వేగం రెట్టింపైతే గాలి ఎదురుతోపు నాలుగింతలవుతుంది, దాన్ని నెట్టుకుంటూ పోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. గంటకు 20 కిలోమీటర్ల దగ్గర చల్లగా తగిలిన గాలి 40 దగ్గర ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోస్తుంది. సైకిలు మీద ట్రాక్టర్ ట్రాలీ వెనక నక్కి తొక్కినవాడికి ఇది చదువు లేకుండానే తెలుసు. (అలా తొక్కినందుకు ఇంట్లో తన్నులు తినడం కూడా తెలుసు.) కాబట్టి స్కేటర్ నేర్చుకునే మొదటి విద్య ముందుకు పోవడం కాదు, చిన్నగా అయిపోవడం.

దానికే ఆ వంగుడు. మా ఆడవాళ్ళు నాట్లు వేసేటప్పుడు మోకాళ్ళు చాచి నడుము వంచుతారు. పొద్దుగూకేసరికి నడుము పట్టేసేది అందుకే. స్కేటర్ వంచాల్సింది ముందు మోకాళ్ళను. పీట మీద కూర్చోబోయి ఆగినట్టు కిందికి దిగాలి. ముక్కు, మోకాలు, కాలివేళ్ళు ఒకే నిలువు గీతలోకి వచ్చేదాకా బరువు ముందుకు తేవాలి. అప్పుడు వీపు తనంతట తాను నేలకు సమాంతరంగా వాలుతుంది. చేతులు నడుము వెనక పెట్టుకుంటారు, రచ్చబండ దగ్గర పెద్దమనుషుల్లా. చూడ్డానికి తీరిగ్గా ఉంటుంది. ఐదు నిమిషాలు అలా ఉండి చూడండి, తొడలు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. కొత్తవాళ్ళు ఓడిపోయేది ఊపిరి చాలక కాదు, ఆ మంటకు తాళలేక నిలబడిపోయి. నిలబడ్డారా, ఒళ్ళంతా తెరచాప అయిపోతుంది.

రెండోది తోపు. నడిచే మనిషి కాలిని వెనక్కి తంతాడు. అదే అలవాటుతో స్కేట్ మీదా వెనక్కి తంటే చక్రం ఊరికే దొర్లిపోతుంది, బలం గాలికి పోతుంది. చక్రం తిరిగే దిక్కుకు అడ్డంగా, అంటే పక్కకు నెట్టాలి. మడమతో సహా నెట్టాలి, వేళ్ళతో ఎగదన్నకూడదు. ఒక కాలు నెడుతుంటే ఒళ్ళు మొత్తం రెండో కాలి మీద నిలవాలి. సగం సగం బరువుతో రెండు కాళ్ళ మధ్య ఊగేవాడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడే. అందుకే మంచి గురువులు నెలల తరబడి ఒంటికాలి మీద దొర్లడమే నేర్పిస్తారు. పిల్లలకు అది విసుగు. తల్లిదండ్రులకు ఇంకా విసుగు, వాళ్ళకు వచ్చేవారానికే పతకం కావాలి.

1990లలో అమెరికా స్కేటర్ చాడ్ హెడ్రిక్ ఈ తోపును మార్చేశాడు. అంతవరకు కాలు నేల మీద పెట్టాక కాసేపు ఊరికే జారేది, ఆ తర్వాతే నెట్టేవాళ్ళు. ఆ ఖాళీ సమయం వృథా ఎందుకు అన్నట్టు, కాలిని చక్రాల బయటి అంచు మీద దించి ముందు లోపలికి, ఒంటి కిందికి లాగి, ఆపైన లోపలి అంచుకు తిప్పి బయటికి నెట్టాడు. ఒకే అడుగులో రెండు తోపులు, కాబట్టి పేరు డబుల్ పుష్. చక్రాల జాడ తీస్తే పాము పాకినట్టు వంపులు తిరిగి ఉంటుంది. కొద్ది ఏళ్ళలోనే మేటి స్కేటర్లంతా దాన్ని పట్టుకున్నారు. హెడ్రిక్ తర్వాత మంచు మీదికి వెళ్ళి 2006 టురిన్ ఒలింపిక్స్‌లో 5000 మీటర్ల బంగారం గెలిచాడు. చక్రాల మారథాన్‌కు ఒలింపిక్స్‌లో చోటు లేదు. అందుకని ఈ రోడ్డు మీద పెరిగినవాళ్ళు మంచుకు వలసపోతుంటారు. బెర్లిన్ మారథాన్‌ను పలుమార్లు గెలిచిన బెల్జియం స్కేటర్ బార్ట్ స్వింగ్స్ 2022 బీజింగ్‌లో మంచు మీద అందరూ కలిసి బయల్దేరే మాస్ స్టార్ట్ గెలిచాడు. అదే బీజింగ్‌లో 500 మీటర్లు గెలిచిన ఎరిన్ జాక్సన్ మంచు అరుదైన ఫ్లోరిడాలో చక్రాల మీద పెరిగిన అమ్మాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, వరుసకు. స్కేటర్లు దీన్ని పేస్‌లైన్ అంటారు. పదిమందో ఇరవైమందో ఒకరి వెనక ఒకరు, మధ్యలో మూరెడు జాగా. ముందువాడు గాలిని చీలుస్తాడు, వెనకవాళ్ళు ఆ చీలికలో దొర్లుతారు. అందరి కుడికాలు ఒకేసారి లేవాలి, ఎడమకాలు ఒకేసారి దిగాలి. ఒక్కరు లయ తప్పినా వెనకవాడి కాలు ముందువాడి చక్రానికి తగులుతుంది, ఆపైన కుప్పలు కుప్పలుగా పడటమే. కోలాటం ఆడినవాళ్ళకు ఈ భయం తెలుసు: మన కర్ర తప్పితే దెబ్బ పక్కవాడి వేళ్ళకు. కొందరు ముందువాడి నడుము మీద అరచేయి తేలిగ్గా ఆనిస్తారు. అది తోయడానికి కాదు, అతని వేగం తగ్గితే కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది. ముందున్నవాడు గుంత కనబడితే వేలితో చూపిస్తాడు, ఆ వేలు సైగ వరుస చివరిదాకా ఒకరి నుంచి ఒకరికి సాగుతుంది. వెనకవాళ్ళకు రోడ్డు కనబడదు, కనబడేది ఎదుటి మనిషి నడుమే. వాళ్ళ కళ్ళు ముందువాడి దగ్గర తాకట్టులో ఉంటాయి.

ముందు నిలిచినవాడు ఎంతసేపు నిలుస్తాడు? శక్తిని బట్టి కాసేపు లాగి, పక్కకు తప్పుకుని, వరుస తన పక్కనుంచి సాగిపోయాక తోక దగ్గర చేరతాడు. తర్వాతివాడిది వంతు. ఇక్కడే మనుషుల గుణాలు బయటపడతాయి. తన వంతు రాగానే కాలు నొప్పి వచ్చేవాళ్ళు ఉంటారు. గొప్ప కోసం తాహతుకు మించి లాగి, తోకకు వచ్చేసరికి వరుసను అందుకోలేక జారిపోయేవాళ్ళూ ఉంటారు. వంతు రాగానే వేగం పెంచి వరుసను తెంపేవాడిని అనుభవజ్ఞులు ఎక్కువ తిడతారు. ముందుకు రావడం అంటే వేగం పెంచడం కాదు, అదే వేగాన్ని గాలిలో నిలబెట్టడం. పక్కగాలి వీస్తే వరుస నిటారుగా ఉండదు, రోడ్డుకు ఏటవాలుగా సాగుతుంది. దక్షిణానికి ఎగిరే పక్షుల గుంపులా.

చివరి కిలోమీటరులో ఈ సహకారమంతా ఆవిరైపోతుంది. గంటసేపు గాలిని పంచుకున్నవాళ్ళే అప్పుడు ఒకరినొకరు మోసం చేసుకోవాలి. తొందరపడి ముందు దూకినవాడు అందరికీ గాలి కాస్తాడు, ఆలస్యం చేసినవాడికి దారి మూసుకుపోతుంది. గీత దగ్గర స్కేటర్లు ఒక కాలు ముందుకు చాచి చక్రాన్ని జారవిడుస్తారు, ఎందుకంటే అక్కడ లెక్కకు వచ్చేది ఛాతీ కాదు, చక్రం. గంట శ్రమ జానెడు దూరంలో తేలిపోవచ్చు. నిజం చెప్పాలంటే నాకు ఆ చివరి నిమిషం కంటే మధ్యలోని యాభై నిమిషాలే ఇష్టం. టీవీవాళ్ళకు మాత్రం చివరిదే కావాలి.

ఇంతా చెప్పి, ఈ పందెం మా బీర్పూర్ దారిలో పెట్టగలమా అంటే, రోడ్డే జవాబు చెబుతుంది. స్కేటుకు కావలసింది నున్నటి తారు. కంకర తేలిన రోడ్డు మీద చక్రం వణుకు అరికాలి నుంచి పళ్ళదాకా పాకుతుంది. స్పీడ్ బ్రేకర్ల సంగతి సరేసరి. యాసంగి కోతలప్పుడు చూడండి, రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉంటాయి. చుట్టూ రాళ్ళు, పక్కన మడిచిన పరదాలు, ఒక చివర చెట్టుకింద కాపలా తాత. కారు వడ్ల మీదుగా పోగలదు, స్కేటు పోలేదు. నాలుగు గింజలు చక్రం కిందికి వచ్చినా మనిషి నేలమీదే. వడ్లను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు, కల్లం లేనివాడికి రోడ్డే కల్లం. పందెమే జనవరిలో పెట్టుకోవాలి, నాట్లు పడి రోడ్లు ఖాళీగా ఉండే రోజుల్లో.

మన దగ్గర స్కేటింగ్ ఎక్కువగా రింకుల్లోనే పెరిగింది, అది మంచి పంటే ఇచ్చింది. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అందుకున్నాడు. ఆయనది చక్రాల మీద నాట్యం, గంతులు, గిరికీలు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల 3000 మీటర్ల రిలేలో 4 నిమిషాల 34.861 సెకన్లతో కాంస్యం గెలిచిన భారత అమ్మాయిల జట్టులో ఇంటిపేరే తెలుగుదనం పలికే సంజన బత్తుల ఉంది. రోడ్డు మారథాన్‌కు కావలసిన పొడవాటి నున్నని దారి మాత్రం కరువు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సౌరఫలకాల నీడ దారి సైకిళ్ళ కోసం వేసింది. దాన్ని చూసినప్పుడల్లా నా అరికాళ్ళు దురదపెడతాయి.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు పందెపు బూట్లు మొదటే వద్దు. వాటికి బ్రేకు ఉండదు, చీలమండకు ఆసరా తక్కువ. మడమ బ్రేకు ఉన్న మామూలు స్కేట్లు, హెల్మెట్, మణికట్టు కాపులు, మోకాలి తొడుగులు చాలు. ముందు ఆగడం నేర్చుకోవాలి, తర్వాత పడటం నేర్చుకోవాలి: వెనక్కి కాకుండా ముందుకు, మోకాలి చిప్పల తొడుగు మీద. ఇంట్లో గచ్చు మీద మేజోళ్ళు వేసుకుని పక్కకు జారుతూ తోపు సాధన చేయవచ్చు. స్లైడ్ బోర్డు అని నున్నటి పలక అమ్ముతారు గానీ, కడిగిన నాపరాయి చాలదా? నలభై దాటిన నాలాంటివాళ్ళకు ఒక లాభం ఉంది, పరుగులోలా అడుగడుగునా పాదం నేలను గుద్దుకోదు. గంటసేపు దొర్లినా మోకాలు పగ పట్టదు. తొడల మంట మాత్రం తప్పదు.

సాధన అయ్యాక పని ఇంకా మిగులుతుంది. చక్రాలు లోపలి అంచున ఎక్కువ అరుగుతాయి కాబట్టి కుడికాలివి ఎడమకు, ఎడమవి కుడికి, అరిగిన అంచు బయటివైపు వచ్చేలా మార్చి బిగించాలి. వాన తగిలితే బేరింగులు ఆ రాత్రే విప్పాలి, తెల్లారితే తుప్పు పడుతుంది. పలుచని నూనెలో ముంచి, తిప్పి, గుడ్డతో తుడిచి, ఒక్క చుక్క నూనె వేసి చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూడాలి. గరగరమంటే ఇంకా ఇసుక ఉందన్నమాట. మేము లారీ బేరింగులను స్టీలు గిన్నెలో కిరసనాయిలు పోసి కడిగేవాళ్ళం. అది అమ్మ చారు గిన్నె అని తర్వాత తెలిసింది.