ఆఫ్రికా లోకోక్తులు – బాలబోధ

పశ్చిమాఫ్రికాయందు ఘానాదేశమున నెక్కువగా నివసించు అకానుల ట్వి భాషలో నొక సామెత కలదు: "ఒబా న్యాన్సాఫొ, వొబు నొ బె, నా వొన్కా నొ అసెమ్." తెలివిగల బిడ్డకు సామెత చెప్పుదురు గాని వట్టిమాట చెప్పరని దీని భావము. దీనికి జోడుగా మఱియొక సామెతయు వారిలో వాడుకలో నున్నది: సామెత చెప్పి దాని యర్థమునుగూడఁ జెప్పవలసినది మూఢునకే.

ఈ రెంటిని ముందుంచుకొని, ఆఫ్రికావారి పూర్వుల జ్ఞానమును బాలురకు నందించుటకై వెలువడిన సామెతల కూర్పులను బరిశీలించినచో, వానిలోఁ బెక్కింట నొక దోషము సమానముగాఁ గానవచ్చుచున్నది. సామెత వెంటనే నీతి, నీతి వెంటనే వ్యాఖ్య. అకాను పెద్దలు మూఢునకు మాత్రమే విధించిన పద్ధతిని ఈ గ్రంథకర్తలు బాలురందఱకును విధించిరి. సామెతను వినువాఁడు తన బుద్ధిచేఁ బూరింపవలెను. ఆ పూరణమే బోధ. దానిని ముందుగనే చేసిపెట్టినచో బాలునకు మిగులునది వల్లెవేయుట యొక్కటియే.

ఇట్లనుటచేత సంకలనకర్తల ఋణమును మఱచుట గాదు. బాల్యముననే బానిసగా నమ్ముడువోయి, 1822లో ఓడనుండి విముక్తుఁడై, 1864లో బిషప్పు పదవి నందిన సామ్యూల్ అజాయి క్రౌథర్ తన మాతృభాషయగు యోరుబాకు నిఘంటువును రచించెను. 1852 నాఁటి దాని కూర్పులో పదముల ప్రయోగమునకు సామెతలనే యుదాహరణములుగాఁ జూపెను. 1854లో కోల్లే పండితుఁడు కనూరీ భాషలోని సామెతలను, కథలను వెలువరించెను. 1879లో క్రిస్టాలరు ట్వి సామెతలను 3,600 కూర్చి బాసెలు నగరమున ముద్రింపించెను. మన తెలుఁగు సామెతలను కార్ దొర 1868లో చెన్నపట్టణమునఁ బ్రకటించినదియు నించుమించుగా నీ కాలముననే. వీరి శ్రమ లేకున్నచో నేఁడు విమర్శించుటకైనను సామగ్రి యుండదు.

క్రిస్టాలరు కూర్పునుండి కొన్నింటి నేర్చి రాట్రే 1916లో 'అశాంతి సామెతలు' అను గ్రంథమును బ్రకటించెను. దానికి 'ఆటవిక జనుల ప్రాథమిక నీతి' యని యుపశీర్షిక. గ్రంథములోపల నతఁడు ప్రతిపదార్థమును, వ్యాకరణమును, ఆచారములను ఓపికతో వివరించెను. ఆ పుటలను జదివినవాఁడు పై శీర్షికను విశ్వసింపఁజాలఁడు. ఇంత సూక్ష్మముగా మాటలాడు జనులను ఆటవికులనుట యెట్లు? గ్రంథమే తన శీర్షికను ఖండించుచున్నది.

క్రిస్టాలరుది యక్షరక్రమము, రాట్రేది విషయక్రమము. కోశమునకు నవి తగును. కాని సామెత పుట్టునది సందర్భమున. "బాలుఁడు నత్తను బగులఁగొట్టును గాని తాఁబేటిని బగులఁగొట్టఁడు" అను అకాను సామెతను జూడుఁడు. పుటమీఁద నొంటిగాఁ జదివినచో నిది పిల్లవాని నణఁచి యుంచు శాసనమువలెఁ దోఁచును. దుడుకుతనముచేఁ బెద్దపని మీఁద వేసికొనఁబోవు కుమారునితోఁ దండ్రి చెప్పినచో నది హెచ్చరిక. పసివానిపై మోయరాని భారము నుంచిన పెద్దలతో నొక వృద్ధురాలు చెప్పినచో నదియే మందలింపు. మాట యొక్కటే, తగులు తావులు వేఱు. ఒక్క నీతిని గ్రింద నచ్చువేసినవాఁడు రెండవదానిని జెఱిపినవాఁడగును.

ఈ సంగతిని 1964లో అరేవా, డండిసు అనువారు యోరుబా సామెతల నాధారముగాఁ గొని ప్రతిపాదించిరి. సామెతను మాత్రమేగాక, ఎవ్వ రెవ్వరితో నెప్పుడు పలికిరో యదియు వ్రాసికొనవలెనని వారి వాదము. యోరుబాలలోఁ బెద్దలయెదుట సామెత పలుకఁదలఁచిన యువకుఁడు క్షమార్పణ వాక్యముతో నారంభించును. పెద్దలు మఱియొకటి చెప్పునంత యాయువు గలుగుఁగాక యని దీవింతురు. ఈ వినయమును, ఈ దీవెనయుఁ గూడ సామెతలోని భాగములే. సంపుటములలో నివి సామెత ప్రక్క నచ్చుపడుట యరుదు.

దీనికి నవలాకారుఁడు మేలైన మార్గముఁ జూపెను. చినువా అచెబె 1958 నాఁటి తన తొలి నవలలో నొక ఋణదాత బాకీ యడుగఁ బోవును. మొదట సూటిగా మాటలాడి, బాకీ ప్రసంగమునకు వచ్చునప్పటికి సామెతలలోనికి దిగును. అతిథిగా వచ్చినవాఁడు గృహస్థుని మొగముమీఁదనే సొమ్మడుగుట యెట్టి యిబ్బందియో, దానిని సామెత యెట్లు కప్పునో చదువరి తానే గ్రహించును. ఇగ్బోల మర్యాదను గూర్చి పది వ్యాఖ్యలు చేయలేని పని నీ యొక్క ఘట్టము చేసినది.

రెండవ దోషము 'ఆఫ్రికా సామెత' యను పేరే. ఆ ఖండమున రెండువేల దాఁక భాషలు గలవు. బిడ్డను బెంచుటకు ఊరంతయుఁ గావలెనను మాట, ఏ జాతిదో యే భాషదో చెప్పఁబడకయే, లోకమంతట సామెతగాఁ జెల్లుచున్నది. 1996లో హిల్లరీ క్లింటను గ్రంథనామమున కదియే యాధారము. "మ్కోనో మ్మోజా హౌలేయి మ్వానా" — ఒంటిచేయి బిడ్డను బెంచదు — అను స్వాహిలీ సామెతకు భాష యున్నది, రూపమున్నది. వృద్ధుని మరణమును గ్రంథాలయ దహనముతోఁ బోల్చిన మాట మాలీదేశీయుఁడగు అమదూ హంపాతే బా 1960లో యునెస్కో సభలోఁ బలికిన ప్రసంగమునుండి వచ్చినది. దానిని బ్రాచీన సామెత యని బాలురకు నేర్పుట పూర్వులను గౌరవించుట గాదు. ఆ మహనీయుని పేరును దుడిచివేయుట.

ఒక యాక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. పట్టణమునఁ బెరిగి, ఆంగ్లమునో ఫ్రెంచినో చదువుకొని, అవ్వతాతల కెడమైన బాలునకు సందర్భ మెక్కడిది? పుస్తకము తప్ప గతి యేది? నిజమే. అందుచేతనే పుస్తకము మఱింత జాగరూకతతో నుండవలెను. మూలభాషలోని వాక్యము, జాతి పేరు, పలికిన సందర్భము — ఈ మూఁటి నిచ్చి, నీతిని మాత్రము విడిచిపెట్టవలెను. ఆ తావున బాలుఁడు తన యూహను జెప్పును, లేదా ఇంటిలోని పెద్దల నడుగఁబోవును. రెండును లాభములే.

ఏలయన నీ జ్ఞానము పైనుండి క్రిందికి మాత్రమే ప్రవహించునది గాదు. బాలుని చేయి యటుకను అందుకొనలేదు. వృద్ధుని చేయి సొరబుఱ్ఱ మూతిలో దూరదు — ఇది యోరుబా సామెత. బాలుఁడును వివేకి, వృద్ధుఁడును వివేకి. ఇఫే పట్టణ మట్లే వెలసెనని వారి వేఱొక సామెత. పూర్వుల జ్ఞానమును బిల్లలకుఁ బంచఁబూనువారు మొదట నీ రెంటిని దాము నేర్వవలెను. నీతివాక్యములను విధించుటచేఁ బిల్లవాఁడు వినువాఁడు మాత్రమే యగును. ఈ సామెతల లెక్కలో నతఁడు భాగస్వామి. పాఠశాలలకై యిట్టి సంపుటములను గూర్చువారు పుటపుటను నీతి వ్రాయుట మాని, బాలుని సమాధానమునకుఁ గొంత చోటు విడుతురని నా విన్నపము.