గేర్ రాడ్డు పొట్టిదైతే

కారు గేర్ రాడ్డు ఊగే దూరాన్ని తగ్గించడానికి ఇక్కడ అమెరికాలో షార్ట్ షిఫ్టర్ అని ఒక సామాను అమ్ముతారు. ఒక కొత్త రాడ్డు, దాని నడుముకో బంతి, రెండు మూడు వాషర్లు, అంతే. నా దగ్గరున్న పాత మజ్దా మియాటాకు మొన్న అది బిగించాను. పనంతా అయ్యేదాకా టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ మా బావమరిది ఓ చుట్టు నడిపి వచ్చి, "డబ్బు పెట్టి మరీ గేరు బరువు చేసుకున్నావేంటి బావా?" అన్నాడు. అతనిది ఎలక్ట్రిక్ కారు, గేర్లు మార్చే పనే లేదు. అయినా అతనన్న మాట అక్షరాలా నిజం.

గునపంతో బండ లేపినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. గునపం కింద పెట్టిన రాయిని బండకు దగ్గరగా జరిపితే చేతికి బరువు తగ్గుతుంది, కానీ చాలా దూరం నొక్కాలి. రాయిని ఇవతలికి లాగితే కొంచెం నొక్కినా బండ బాగా లేస్తుంది, భుజాలు మాత్రం పట్టేస్తాయి. గేర్ రాడ్డూ అంతే, నడుము దగ్గరి బంతి మీద ఊగుతుంది. బంతికి పైన చేతిలో ఉండే భాగం, కింద గేర్‌బాక్సులోకి దిగే భాగం. పైది కిందిదానికి 4 రెట్లు ఉందనుకోండి. కింది కొన ఒక సెంటీమీటరు జరగాలంటే చెయ్యి నాలుగు సెంటీమీటర్లు జరగాలి. బంతిని కాస్త పైకి తెచ్చి ఆ లెక్కను 3 రెట్లు చేస్తే చెయ్యి మూడే జరుగుతుంది. దూరం 25 శాతం తగ్గింది, తోయాల్సిన బలం 33 శాతం పెరిగింది. షార్ట్ షిఫ్టర్ చేసే పనంతా ఇదే. దూరం తగ్గే సంగతి పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. బలం పెరిగే సంగతి బిగించాక మన బావమరుదులు చెబుతారు.

మన ఎర్రబస్సుల్లో డ్రైవరు పక్కన బారెడు పొడుగున ఊగుతుండే రాడ్డు గుర్తుందా? అంత పొడుగు పెట్టింది డ్రైవరు భుజం కోసమే. లోపల గేర్లు భారీవి, వేగాలు కలిపే సింక్రో రింగుల సుఖం లేదు. క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో ఇంజన్ చప్పుడు విని వేగం కుదుర్చుకుని వెయ్యాలి. ఆ రాడ్డును సగానికి కోస్తే మధ్యాహ్నానికి డ్రైవరు బస్సు దిగిపోతాడు.

మియాటా సంగతి వేరు. దాన్ని గేరు మార్చే సరదా కోసమే చేశారు. తేలికైన రెండు సీట్ల టాపులేని కారు చెయ్యండని 1979లోనే మజ్దా పెద్దల చెవిన వేసినవాడు బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు జర్నలిస్టు. ఆ పనికి నాయకత్వం వహించిన ఇంజనీరు తోషిహికో హిరాయ్. 1989లో షికాగో ఆటో షోలో కారు బయటికొచ్చింది, 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. ఇంజను ముందు, నడిచేది వెనక చక్రాలు. సీట్ల మధ్య గేర్‌బాక్సు, రాడ్డు నేరుగా దాని నెత్తిమీదే. మధ్యలో కేబుళ్లు లేవు, లింకులు లేవు. పైగా గేర్‌బాక్సును వెనక డిఫరెన్షియల్‌తో కలుపుతూ ఒక అల్యూమినియం ఫ్రేము బిగించారు, యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా ఆ రెండూ విడివిడిగా ఊగవు. కంపెనీ ఇచ్చిన రాడ్డే పొట్టిది. మరి దాన్ని ఇంకా పొట్టి చెయ్యడమెందుకని మీరు అడగొచ్చు. మా ఆవిడ అడిగింది కూడా.

కారణం ఉంది. పాతికేళ్లు దాటిన మియాటాల్లో రాడ్డు అట్లకాడలా కదులుతుంది. న్యూట్రల్‌లో ఎక్కడుందో చేతికి తెలియదు. చలి పొద్దున రెండో గేరు ఒక పట్టాన పడదు, అది ఈ గేర్‌బాక్సుకు పుట్టుకతో వచ్చిన గుణం. ఇలాంటప్పుడు కొత్త రాడ్డు బొమ్మ చూస్తే చెయ్యి ఊరుకోదు.

పని కష్టమేమీ కాదు, కారు కిందికి దూరక్కర్లేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, నాబ్‌ను ఎడమకు తిప్పితే ఊడొస్తుంది. తర్వాత సీట్ల మధ్య కన్సోల్ మరలు విప్పాలి. ఈ కారులో పవర్ విండో స్విచ్చులు కన్సోల్ మీదే ఉంటాయి కాబట్టి వైరు పీకకుండా లాగొద్దు. కింద ఒక రబ్బరు బూటు, దాని కింద ఇంకో చిన్న బూటు. ఈ చిన్నది చిరగని పాత మియాటా అరుదు. చిరిగితే గేర్‌బాక్సు వేడీ చప్పుడూ నేరుగా సీట్లోకొస్తాయి. ఎండాకాలం టెక్సస్‌లో అసలే రోడ్డు కాలుతుంటుంది, దానికి తోడు ఇది. బూటు తీస్తే మూడు బోల్టులతో ఒక ప్లేటు. అవి విప్పి రాడ్డును నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది, దాంతోపాటే గేర్ నూనెకుండే ఆ గంధకపు కంపు కూడా.

రాడ్డు దిగే ఆ గుంటకు వేరే నూనె ఉంటుందని చాలామందికి తెలియదు. గేర్‌బాక్సు నూనె మార్చినా ఇది మారదు. కావలసింది సుమారు 80–90 మిల్లీలీటర్లే, ఒక చిన్న టీ గ్లాసెడు. చిరిగిన బూటులోంచి దుమ్ము చేరి అది నల్లటి బురదయి ఉంటుంది, లేదా అసలే ఉండదు. సిరంజితో పీల్చేసి, గుడ్డతో తుడవాలి. రాడ్డు కింది కొనకు తొడిగిన నైలాన్ బుష్ అరిగిపోయో, పగిలిపోయో ఆ గుంటలోనే పడి ఉంటుంది. అయస్కాంతంతో ఇనుప ముక్కలు దొరుకుతాయి గానీ నైలాను దొరకదు. సన్నటి ముక్కు ప్లయర్‌తో వెతికి తీయాల్సిందే. ఒక్క ముక్క కూడా లోపల వదలకూడదు. కొత్త బుష్ తొడిగి, తాజాగా 75డబ్ల్యూ-90 నూనె పోసి, బంతికి గ్రీజు రాసి, కొత్త రాడ్డు దించి, ప్లేటు కింద సీలెంటు పట్టీ వేసి బోల్టులు బిగించాలి. రెండు బూట్లూ కొత్తవే వెయ్యాలి. ఇక్కడ పిసినారితనం వద్దు.

బిగించాక రాడ్డు టక్కుమని పడింది. బాగుందనే చెప్పాలి. కానీ ఆ బాగులో ఎంత భాగం షార్ట్ షిఫ్టర్‌ది? వదులు పోయింది బుష్ వల్ల. రాడ్డు గరగర తగ్గింది గుంటలోని తాజా నూనె వల్ల. వేడి, చప్పుడు ఆగింది బూట్ల వల్ల. ఈ మూడింటి ఖరీదూ కలిపినా కొత్త రాడ్డు ధరలో చిన్న వాటా. రాడ్డు తన వంతుగా తెచ్చింది తగ్గిన దూరం, పెరిగిన బరువు, ఇంకా ఒక కొత్త గలగల. కంపెనీ రాడ్డులో పైభాగానికీ కింది భాగానికీ మధ్య రబ్బరు ఉంటుంది, ఇంజను అదురును మింగడానికి. బయట అమ్మే రాడ్లలో చాలావాటికి అది ఉండదు. అందుకే అదురంతా అరచేతిలోకే వస్తుంది. కొందరికి అదే ఇష్టం, వాళ్లతో వాదించను.

సింక్రో మాట కూడా చెప్పాలి. గేరు పడేముందు ఒక ఇత్తడి రింగు గేరును ఒరుసుకుని రెండింటి వేగాలూ కలుపుతుంది. దానికి రెప్పపాటు వ్యవధి కావాలి. పొట్టి రాడ్డు ఆ వ్యవధిని తగ్గించదు. తొందరపడే చేతికి బలం పెంచి తోయమంటుంది, అరిగేది రింగే. ట్రాఫిక్ లైటు దగ్గర పందేనికి దిగే కుర్రాళ్లు ఇది వినరు. గేర్‌బాక్సు దింపించిన రోజున బిల్లు చెబుతుంది.

మన ఊళ్లలో తిరిగే స్విఫ్ట్, ఐ20 లాంటి ముందు చక్రాల బళ్లలో రాడ్డుకూ గేర్‌బాక్సుకూ మధ్య రెండు కేబుళ్లుంటాయి. అక్కడ వదులు చాలాసార్లు కేబుల్ కొసల బుష్‌లలో, రాడ్డు పునాది బుష్‌లలో ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో అనుభవమున్న ఏ మేస్త్రీ దగ్గరికి వెళ్లి "గేరు లూజుగా ఉందన్నా" అన్నా, అతను చెయ్యి పెట్టేది ముందు అక్కడే. రాడ్డు పొట్టి చేద్దామని అనడు.

కాబట్టి షార్ట్ షిఫ్టర్ కొనాలనుకునేవాళ్లు ముందు బుష్‌లు, బూట్లు, నూనె మార్చి ఒక నెల నడపండి. చాలామందికి అక్కడితో సరిపోతుంది. అప్పటికీ చెయ్యి ఊరుకోకపోతే రబ్బరు ఉన్న రకం చూసి కొనుక్కోండి. విప్పిన పాత రాడ్డును మాత్రం నూనె గుడ్డ చుట్టి దాచండి. కారు అమ్మే రోజున కొనేవాడు అది అడుగుతాడు.